నల్లగింజల గుంపు

తాళం వేశాక ఒకసారి లాగి చూడటం అందరూ చేసే పనే. వీధి మలుపుదాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూడటం మాత్రం పెంకులక్కకే చెల్లింది. "ఇంకొక్కసారి చూసొస్తానండీ" అని ఆమె వెనక్కి తిరిగితే, ఆమె భర్త గొడుగు కర్ర నేలకి ఆనించి నిలబడి, దారిన పోయేవాళ్ళతో కబుర్లు చెప్పుకునేవాడు. పొయ్యి ఆర్పానా, కిటికీ గడియ పెట్టానా, కుళాయి కట్టేశానా అని ఆమె మనసుని ఎప్పుడూ ఏదో ఒకటి పీకుతూనే ఉండేది. అనుమానం పెనుభూతం అంటారు. ఆమె ఆ భూతంతోనే కాపురం చేసింది, ఆయనేమో ఇద్దరితోనూ చేశాడు. ఆయన దర్జీ. ఓపిక ఆ వృత్తిలోనే ఉంది.

పెంకులక్క అన్నది పెట్టిన పేరు కాదు, పనిచేసేచోట పడిపోయిన పేరు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రొఫెసర్ గారిదాకా అందరూ అలాగే పిలిచేవారు. తవ్వకాల్లో బయటపడ్డ పాతకాలపు కుండపెంకులు గోనెసంచుల్లో ఆ ల్యాబుకి వచ్చేవి. ఏ కుండ ఎక్కడ తయారైందో తేల్చడం ఆమె పని. పైకి చూస్తే అన్నీ ఒకటే, ఎర్రటి మట్టి ముక్కలు. అందుకని ప్రతి పెంకు నుంచీ చిన్న ముక్క కోసి, గాజుపలక మీద జిగురుతో అంటించి, సానపొడి మీద అరగదీస్తూ పోతుంది. అరిగి అరిగి, వెలుతురు లోంచి దూరి వచ్చేంత పల్చనయ్యాక దాన్ని మైక్రోస్కోపు కింద పెడుతుంది. అప్పుడు మట్టిలో కలిసిన ఇసుక కనిపిస్తుంది. ఏటి ఒడ్డు మట్టి అయితే గుండ్రంగా అరిగిన పలుగురాళ్ళు, కొండవాలు మట్టి అయితే తళుక్కుమనే కాకిబంగారం రేకులు. ఒకేలాంటి ఇసుక ఉన్నవాటిని ఒక గుంపులో వేస్తుంది. "మట్టి ఎక్కడైనా ఎర్రగానే ఉంటుంది. ఇసుక మాత్రం అబద్ధం చెప్పదు" అని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అందరి కంటే ఎక్కువసార్లు ఆ మాట విన్నది ఆమె మేనకోడలు.

మేనకోడలు అంటే అన్నగారి కూతురు. బక్కగా ఉండి, ఒక్కచోట నిలవదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. బడి సెలవలు వస్తే అత్త వెంట ల్యాబుకి వచ్చి, ఎత్తు బల్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని మైక్రోస్కోపులోకి చూసేది. పలక తిప్పుతుంటే పలుగురాళ్ళు వెలిగి ఆరిపోవడం చూసి, ఇంకా తిప్పమని ప్రాణం తీసేది. పెద్దయ్యాక ఇదే చదువుతానంది. వదినగారికి అది సుతరామూ నచ్చలేదు. పిల్లని బ్యాంకు ఉద్యోగంలో చూడాలని ఆవిడ ఆశ. పగిలిన కుండలు ఏరుకునేదానికి ఇంత చదువు దేనికి, మనింట్లో పగలగొట్టినవి చాలవా అని దెప్పింది. అన్నగారు ఎటూ చెప్పలేక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు పెంకులక్క, ఎన్నడూ దేనికీ హామీ ఇవ్వని మనిషి, నోరు జారింది.

"పంపండి వదినా. దానికి నాది పూచీ."

ఆ మాట అన్న మరుక్షణం నుంచే ఆమెకి అనుమానాలు మొదలయ్యాయి. అయితే పిల్ల చక్కగా చదివింది. డాక్టరేటుకి చేరింది. అత్త చేసిన స్లైడ్ల మీదే థీసిస్ రాసింది. ఆ థీసిస్‌కి ఆయువుపట్టు నల్లగింజల గుంపు.

ఏటి ఒడ్డున బయటపడ్డ ఒక పాత జనావాసం పెంకులవి. చాలావాటిలో ఏటి ఇసుకే ఉంది. కొన్నిట్లో మాత్రం దాంతోపాటు నల్లటి గింజలు కనిపించాయి. అంచులు కత్తుల్లా ఉండి, కాస్త నీలంగా మెరిసేవి. ఆ చుట్టుపక్కల ఎక్కడా నల్లరాయి లేదు. అగ్నిపర్వతం పుట్టించిన రాతి తునకలు అయ్యుండొచ్చు, ఆ కుండలు ఎక్కడో దూరపు నల్లకొండల వైపు నుంచి వచ్చి ఉండొచ్చు అని పెంకులక్క మొదట అంది. ఉండొచ్చు అనే అంది. అత్త నోట్లోంచి మేనకోడలి చెవికి, అక్కడి నుంచి ప్రొఫెసర్ గారికి, ఆయన నుంచి సభలకి వెళ్ళేసరికి అది 'వచ్చాయి' అయి కూర్చుంది. నిజానికి ఆ గింజలు సానపొడేమోనన్న అనుమానం ఆమెకి ఆనాడే ఒకసారి వచ్చింది. ఆమెకి రాని అనుమానం ఉంటుందా? పొడి అయితే అన్నిట్లోనూ ఉండాలి కదా, కొన్నిట్లోనే ఎందుకుంటుంది అని తనకి తనే జవాబు చెప్పుకుని ఊరుకుంది. తాళాన్ని రెండుసార్లు లాగి చూసే మనిషి, దీన్ని ఒక్కసారే లాగింది.

పిచ్చుక థీసిస్ ఇచ్చేసింది. మౌఖిక పరీక్ష వారం రోజుల్లో ఉందనగా ఆమె స్లైడ్ల సొరుగు సర్దుతోంది. అడుగున ఒక పాత స్లైడు దొరికింది. అరగదీసే యంత్రం సరిగ్గా తిరుగుతోందో లేదో చూడటానికి అప్పట్లో ఒక ఇటుక ముక్కని అరగదీసింది. ల్యాబు వెనకవైపు కొత్తగా గోడ కట్టగా మిగిలిన ఇటుక. పారేద్దామనుకుని, పారేసేముందు ఇంకొక్కసారి చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఇటుక నిండా నల్లగింజలు. కత్తుల్లాంటి అంచులు, అదే నీలపు మెరుపు.

ఆమె స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. ఆ ఇటుక ఏ నల్లకొండ నుంచీ రాలేదు, మొన్న మొన్న ట్రాక్టరులో వచ్చింది. స్లైడు మీద తన చేత్తో రాసిన తేదీ చూసింది. నల్లగింజల స్లైడ్ల తేదీలు చూసింది. అన్నీ ఒక్క వారంలోవే. ఆ వారం ఏమిటో ఆమెకి గుర్తు చేసుకోనక్కరలేదు. భర్తని ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన వారం. తెల్ల సానపొడి అయిపోతే నల్లపొడి వాడింది. అరగదీశాక ప్రతి ముక్కనీ కుళాయి కింద బ్రష్షుతో కడిగి కడిగి, పొడి పోయిందో లేదో చూసి, మళ్ళీ కడగాలి. ఆ వారం ఆస్పత్రిలో లోపలికి వదిలే వేళ దాటిపోతుందని, ఒకసారి నీళ్ళు తిప్పి పరుగెత్తింది.

ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటుండగా పిచ్చుక ఫోన్ చేసి, పరీక్షకి ఏ రంగు బట్టలు బాగుంటాయి, నల్లగింజల ఫొటో పెద్దది చేసి చూపించనా అని అడిగింది. చూపించు అంది పెంకులక్క. ఫోన్ పెట్టేశాక తన నాలుక తనకే చేదనిపించింది. తప్పు చేసింది ఆ వారంలో. అబద్ధం ఆడింది ఇప్పుడు.

ఆ మర్నాడు సెలవు. వాచ్‌మన్‌ని బతిమాలి ల్యాబు తీయించింది. కోసి స్లైడు చేయగా మిగిలిన తునకలన్నీ పెట్టెల్లో దాచడం అక్కడి అలవాటు. నల్లగింజల పెంకుల తునకలు తీసి, తెల్ల సానపొడితో మళ్ళీ అరగదీసింది. ఉండాలి, ఉండాలి, కనీసం ఒక్కదాంట్లోనైనా ఉండాలి అనుకుంటూ చేసింది. దేవుడికి మొక్కుకోబోయి, కుండలో రాళ్ళుండాలని మొక్కడం ఏం బాగుంటుందని మానేసింది. ఒక్కొక్కటే కడిగి, ఆరబెట్టి, చూసింది. ఏటి ఇసుక ఉంది. పలుగురాళ్ళు ఉన్నాయి. నల్లగింజ ఒక్కటి లేదు.

ఇసుక అబద్ధం చెప్పదు. అంతవరకూ ఆమె చెప్పిన మాట నిజమే.

ఇప్పుడేం చేయాలి? పరీక్షకి వచ్చేవాళ్ళు థీసిస్ చదువుతారు గానీ స్లైడ్లు తీసి చూడరు. నోరు మూసుకుంటే పిల్లకి డిగ్రీ వస్తుంది. నోరు విప్పితే రాకపోవచ్చు, వదినగారికి ఇచ్చిన పూచీ ఏట్లో కలుస్తుంది. ఎటు చూసినా నుయ్యీ గొయ్యీ. ఆ సాయంత్రం ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా చంక దగ్గర కుట్టు విప్పుతున్నాడు. ఆమె ముఖం చూసి, ఏ తాళం మర్చిపోయావని అడిగాడు. ఆమె అంతా చెప్పింది. తేదీ మాత్రం చెప్పలేదు. ఆయన బ్లేడు పక్కన పెట్టాడు.

"ఆ వారమేనా?"

ఆమె కిందపడ్డ దారప్పోగులు ఏరసాగింది. ఆయన మళ్ళీ బ్లేడు తీసుకున్నాడు.

"కుట్టు తప్పితే విప్పాలే. విప్పిన చోట చిల్లులు కనిపిస్తాయి, నిజమే. అలాగని తప్పు కుట్టుతో ఇచ్చేస్తే, వేసుకున్నవాడు చెయ్యి ఎత్తినప్పుడు పర్రుమంటుంది. అప్పుడు వాడు నలుగురిలో ఉంటాడు."

సోమవారం పిచ్చుక ల్యాబుకి వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో పెంకులక్కకి తెలియలేదు. ఇటుక స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది ఏ గుంపో చెప్పమంది.

పిల్ల వంగి చూసి మురిసిపోయింది. "నల్లగింజలే కదత్తా! కొత్తది దొరికిందా? ఎక్కడిది?"

"మన వెనక గోడది."

పిచ్చుక తల ఎత్తలేదు. పలక నెమ్మదిగా తిప్పింది, మళ్ళీ తిప్పింది. చాలాసేపటికి తల ఎత్తింది. కళ్ళ చుట్టూ మైక్రోస్కోపు ఒత్తుకున్న గుర్తులు గుండ్రంగా పడ్డాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"నేను ఫొటో పెద్దది చేయనా అని అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

పిల్ల అరిచి ఉంటే పెంకులక్కకి కాస్త ఊపిరి ఆడేది. అరవలేదు. సంచి భుజాన వేసుకుని, జిప్పు కూడా పెట్టుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు పెంకులక్క ఎలా గడిపిందో ఆమెకే తెలియదు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. వదినగారు ఫోన్ చేసి, పిల్ల గదిలోంచి బయటికి రావడం లేదు, తిండి లేదు, నువ్వేం చెప్పావు దానికి అని నిలదీసింది. పని మీద ఒక పొరపాటు జరిగింది వదినా, నాది అని మాత్రం అనగలిగింది. ప్రొఫెసర్ గారికి చెప్పడానికి వెళ్తే ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. ఆ గుంపు గురించి ఆయన సభల్లో మాట్లాడి వచ్చిన మనిషి. పరీక్ష వాయిదా వేస్తే ఎంతకాలం పడుతుందో చెప్పలేనన్నారు. ముందుకెళ్తే అక్కడ ఏం జరిగినా తనని అడ్డం పెట్టుకోవద్దన్నారు. ఏదైనా ఆ అమ్మాయే తేల్చుకోవాలి అని ముగించారు. ఆ అమ్మాయేమో మాట్లాడదు. పెంకులక్క తాళం సంగతి కూడా మర్చిపోయింది. భర్తే వెనక్కెళ్ళి లాగి చూసి వచ్చాడు.

పరీక్షకి రెండు రోజులుందనగా పిచ్చుక వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. పలకరింపు లేదు, కూర్చోలేదు. సంచి బల్ల మీద పడేసి సూటిగా అడిగింది.

"పొడి అయితే అన్నిట్లోనూ ఉండాలి కదా అత్తా. కొన్నిట్లోనే ఎందుకుంది?"

అత్త వేసుకున్న ప్రశ్నే అది. తేడా అంతా ఏమిటంటే, అత్త దాన్ని జవాబు అనుకుని ఆగిపోయింది. పిల్ల ప్రశ్నగానే పట్టుకుంది. ఇద్దరూ పాత స్లైడ్లు, కొత్త స్లైడ్లు పక్కపక్కన పేర్చుకున్నారు. ఆ వారంలో చేసిన మిగతా స్లైడ్లు కూడా తీశారు. అవీ అదే పొడి మీద అరిగాయి, అవీ సరిగ్గా కడగనివే, అయినా శుభ్రంగా ఉన్నాయి. మైక్రోస్కోపు దగ్గర ఒకరి తర్వాత ఒకరు వంగారు. మొదట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టున్న పెంకులక్క, కాసేపటికి భయపడటం మర్చిపోయి చూడసాగింది.

నల్లగింజలు మట్టిలో లేవు. మట్టిలోని చిల్లుల్లో ఉన్నాయి. కడిగినా పోకుండా పొడి ఇరుక్కోవాలంటే ముందు చిల్లు ఉండాలి. ఇటుకలో చిల్లులుంటాయి. ఈ కొన్ని కుండల్లోనూ ఉన్నాయి. అవి మామూలుగా ప్రతి కుండలో ఉండే గుండ్రటి బొక్కలు కావు. సన్నగా, పొడుగ్గా, గడ్డిపరకలు కోసి పేర్చినట్టున్నాయి. అంచుల వెంట కాలిన నలుపు. కుమ్మరి ఎవరో మట్టిలో ఊకో, తరిగిన గడ్డో కలిపాడు. ఆవంలో కాలేటప్పుడు అది కాలిపోయి, దాని ఆకారం మిగిలిపోయింది. ఈ చిల్లులు మొదటి నుంచీ కంటి ముందే ఉన్నాయి. కన్ను మెరిసే గింజ వెంట పడి, గింజ కూర్చున్న చోటుని చూడలేదు.

"అయితే గుంపు ఉంది" అంది పెంకులక్క నెమ్మదిగా.

"గుంపు ఉంది. నల్లకొండ లేదు" అంది పిచ్చుక. అని, ఏడ్చింది. ఆ నల్లకొండ మీద ఆమె ఎన్నో పేజీలు రాసింది. అక్కడి నుంచి ఏటిదాకా బండ్లబాట ఎలా వచ్చి ఉంటుందో పటం కూడా గీసింది. పెంకులక్క దగ్గరికి వెళ్ళబోయి, వెళ్ళే అర్హత ఉందో లేదో తెలియక, ముఖం తుడుచుకోమని తువ్వాలు అందించింది. పిల్ల అది తీసుకుంది.

పరీక్షకి ముందే ఇద్దరూ తప్పు ఇదీ అని రాసి, పరీక్షించేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ రోజు గదిలో పెంకులక్క చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టింది. ముందు వరసలో అన్నా వదినా ఉన్నారు. వదినగారు వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. బయటి నుంచి పరీక్షకి వచ్చిన పెద్దావిడ కాగితాలన్నీ తిరగేసింది. తర్వాత, నల్లగింజలు సానపొడి అని కనిపెట్టింది ఎవరని అడిగింది.

"మా అత్తండి. ఈ ల్యాబులో స్లైడ్లన్నీ ఆవిడే చేస్తారు."

"మరి కడగనిది ఎవరు?"

పెంకులక్క లేచి నిలబడింది. చేతిసంచి కింద పడింది.

"నేనేనండి."

గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెద్దావిడ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది. మీరు చెప్పకపోతే ఇక్కడ ఎవరికీ తెలిసేది కాదు, నాకు కూడా తెలిసేది కాదు, మరి ఎందుకు చెప్పారు అని అడిగింది. గొంతులో కోపం లేదు, మెప్పూ లేదు. ఉత్త ప్రశ్న.

శాస్త్రం గురించి, సత్యం గురించి పెంకులక్క ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. ఒక్కటీ అందలేదు.

"భయమేసిందండి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. దేనికి భయం అని అడిగింది పెద్దావిడ.

"ఈ పిల్ల నా చేతులు చూసే పని నేర్చుకుందండి. కడక్కపోవడం కూడా నేర్చుకుంటుందేమోనని."

అని కూర్చుండిపోయింది. ఆ తర్వాత అక్కడ ఏం అడిగారో, పిచ్చుక ఏం చెప్పిందో ఆమె చెవికి ఎక్కలేదు. చిల్లుల ఫొటో తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం కనిపించింది. పిల్ల వేలితో ఒక్కొక్క చిల్లునీ చూపిస్తూ గడగడా చెబుతోంది. చాలాసేపు సాగింది. తర్వాత అందరినీ బయట వసారాలో నిలబెట్టారు. అక్కడ కాచుకుని ఉన్న పెంకులక్క భర్త గొడుగు పట్టుకుని, ఎండ లేని చోట కూడా తెరిచి మూస్తూ తిరిగాడు.

చివరికి తలుపు తీశారు. నల్లకొండ అధ్యాయం మొత్తం తీసేయాలి. గడ్డి కలిపిన కుండల మీద కొత్తగా రాయాలి. ఆ వారంలో చేసిన స్లైడ్లన్నీ మళ్ళీ చేసి చూపించాలి. అవన్నీ సరిగ్గా ఉంటే డిగ్రీ ఇస్తారు. గెలుపూ కాదు, ఓటమీ కాదు. వదినగారు కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ చేయాలట, మీ అత్తే చేయిస్తుందిలే అంది. అది దెప్పిపొడుపో, అప్పగింతో పెంకులక్క తేల్చుకోలేదు. తేల్చుకోవాలనీ అనిపించలేదు.

మర్నాడే ల్యాబులో పని మొదలైంది. ఈసారి అరగదీసింది పిచ్చుక. పెంకులక్క పక్కన నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుని, తాకకుండా. పిల్ల మొదటి ముక్క తీసి కుళాయి కింద పట్టింది. బ్రష్షుతో రుద్దింది. వెలుతురుకి పెట్టి చూసింది. మళ్ళీ కుళాయి తిప్పింది. మళ్ళీ చూసింది. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. పైన ట్యాంకు ఖాళీ అయిపోతోందని వాచ్‌మన్ బయటి నుంచి కేకేశాడు.

"చాల్లేవే, పోయింది" అంది పెంకులక్క.

పిచ్చుక తల తిప్పలేదు.

"ఉండత్తా. ఇంకొక్కసారి."